పాతిక వేలలో స్విఫ్ట్‌ను కాస్త కిందికి దించడం: సలహాలు కావాలి

సింహపురి_స్విఫ్ట్ (నెల్లూరు)
అందరికీ నమస్కారం. నా దగ్గర 2012 స్విఫ్ట్ పెట్రోలు వీఎక్స్ఐ ఉంది. టైరుకూ మడ్‌గార్డు అంచుకూ మధ్య ఉన్న ఖాళీ నాకు కొన్నప్పటి నుంచీ నచ్చదు. దానికి తోడు చెన్నై వైపు వెళ్లేటప్పుడు పెద్ద లారీ పక్కనుంచి దాటిపోతే కారు ఊగుతుంది, వంతెన దిగే మలుపుల్లో ఒక పక్కకు బాగా ఒరుగుతుంది. ఒక అంగుళమో, అంగుళమున్నరో దించితే అందమూ నిలకడా రెండూ వస్తాయని ఆశ. చేతిలో ఉన్నది పాతిక వేలు. అమ్మానాన్నలు, పాప కూడా ఇదే కారులో తిరుగుతారు కాబట్టి భద్రత దగ్గర రాజీ పడే ప్రసక్తి లేదు. ఆటోనగర్‌లో ఒకచోట అడిగితే స్ప్రింగులో ఒక చుట్టు కోసేస్తే చాలు, రెండు వేలలో అయిపోతుంది అన్నారు. చేయించవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కావలి_కుర్రాడు (కావలి)
అన్నా, మా స్నేహితుడు ఇలాగే కోయించాడు. చూడటానికి చాలా బాగుంది, ఇప్పటిదాకా ఏమీ కాలేదు. కారును దించడానికే చేసిన విదేశీ స్ప్రింగులు అంత ఖర్చు పెట్టి కొనడం ఎందుకు? ముందు ఒక చుట్టు, వెనక అర చుట్టు కోస్తే సరిపోతుంది.

పాత_షెడ్డు (ఒంగోలు)
సింహపురి బాబూ, దయచేసి కోయించకు. నేను చాలా ఏళ్లు షెడ్డు నడిపినవాడిని, కోసిన స్ప్రింగులతో వచ్చిన కార్లను విప్పి చూసినవాడిని. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను.

స్ప్రింగు చివరి చుట్టు ఊరికే అలా ఉండదు. అది కింది పళ్లెంలో కచ్చితంగా కూర్చునేలా వంచి తయారు చేస్తారు. ముందు చక్రాల దగ్గర స్ప్రింగూ షాకూ కలిసి ఒకే కాలులా ఉంటాయి, దాన్ని స్ట్రట్ అంటారు. ఆ స్ట్రట్ పళ్లెంలో స్ప్రింగు కొన ఆనడానికి ఒక మెట్టు ఉంటుంది. నువ్వు గ్రైండరుతో కోశాక మిగిలే కొన ఏటవాలుగా, పదునుగా ఉంటుంది. పళ్లెంలో అంతా ఆనదు, ఒక్కచోట గుచ్చుకుంటుంది. బరువంతా ఆ ఒక్క బిందువు మీద పడుతుంది. అక్కడ రంగు లేచిపోతుంది, మైపాడు వైపో కొత్తపట్నం వైపో సముద్రపు గాలి తగిలితే తుప్పు మొదలవుతుంది, తుప్పు పట్టినచోటే స్ప్రింగు విరుగుతుంది. విరిగిన ముక్క టైరు వైపు తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. షాక్ అబ్జార్బర్ పొడవు మారలేదు, స్ప్రింగు మాత్రం పొట్టిదైంది. గుంతలో చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు వదులైపోతుంది. వెనక వైపు స్విఫ్ట్‌లో స్ప్రింగు వేరు, షాక్ వేరు. వెనక చక్రాలు రెంటినీ కలిపే టోర్షన్ బీమ్ అనే దూలం మీద స్ప్రింగు ఊరికే కూర్చుని ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది ఒత్తిడి ఒక్కటే. ఆ ఒత్తిడి పోతే అది తన చోటు నుంచి జరిగిపోతుంది. జాకీ పెట్టి వెనక చక్రం లేపి, స్ప్రింగును చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. కోసిన కార్లలో గిరగిరా తిరుగుతుంది. కావలి తమ్ముడూ, మీ స్నేహితుడి కారును ఒకసారి ఇలా లేపి చూడమను. ఏమీ కాలేదు అంటే ఇంకా కాలేదు అని అర్థం.

లెక్కల_మాస్టారు (కందుకూరు)
షెడ్డు గారు చెప్పినదానికి నా వంతు లెక్క జోడిస్తాను.

కాయిల్ స్ప్రింగు గట్టితనం తీగ మందం నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుంది. చుట్టు వ్యాసం ఘనానికి, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. అంటే అయిదు పనిచేసే చుట్లలో ఒకటి తీసేస్తే గట్టితనం 25 శాతం పెరుగుతుంది. మంచి లోయరింగ్ స్ప్రింగు (కారును దించే స్ప్రింగు) చేసేవాళ్లు చుట్లు కోయరు, తీగ మందాన్నీ చుట్ల ఎడాన్నీ మారుస్తారు. తీగ పదో వంతు మందమైతే చాలు, గట్టితనం 46 శాతం పెరుగుతుంది.

ఒక చుట్టు కోస్తే ఎంత దిగుతుంది? కారు బరువు మీద ఉన్నప్పుడు రెండు చుట్ల మధ్య ఎంత ఎడం ఉందో దాదాపు అంత. 40 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక స్ప్రింగు ఇరుసు కన్నా ముందుకు కూర్చుని ఉంటే చక్రం దగ్గర దిగుడు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు ఎత్తులో చక్రం పైకి వచ్చి బంప్ స్టాప్ రబ్బరును తాకడానికి 80 మి.మీ. చోటు ఉందనుకోండి. స్ప్రింగు గట్టితనం చక్రం దగ్గర మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకోండి. వెనక ఇద్దరు పెద్దవాళ్లు, డిక్కీలో సామాను కలిపి 160 కిలోలు. చెరో చక్రానికి 80 కిలోలు, అంటే సుమారు 800 న్యూటన్లు. కోసిన స్ప్రింగు గట్టితనం 25 అయింది కాబట్టి 32 మి.మీ. దిగుతుంది. మొదటే 40 దించారు. మిగిలింది 8 మిల్లీమీటర్లు! చిన్న గుంత వచ్చినా రబ్బరు మీద గుద్దుకుంటుంది. అదే 25 మి.మీ. మాత్రమే దించే, కాస్త గట్టి స్ప్రింగు, 26 అనుకుందాం, వేస్తే 31 దిగి 24 మిగులుతుంది. ఆ 8కీ ఈ 24కీ మధ్య తేడాలోనే మీ అమ్మానాన్నల నడుములు ఉన్నాయి.

ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ కారుకు మీరు కొలుచుకోవాలి.

కావలి_కుర్రాడు (కావలి)
సరే మాస్టారూ, కోయడం తప్పే అనుకుందాం. గ్యాస్‌తో వేడిచేసి కూర్చోబెడతారు కదా, అందులో చివరి చుట్టు పాడు కాదు. అది చేయవచ్చా?

పాత_షెడ్డు (ఒంగోలు)
అది కోయడం కన్నా ఘోరం తమ్ముడూ. స్ప్రింగు ఉక్కుకు బలం ఇచ్చేది దానికి పెట్టిన పదును, అంటే వేడిచేసి చల్లార్చి తెప్పించిన గట్టిదనం. ఎర్రగా కాల్చినచోట ఆ పదును పోయి ఉక్కు మెత్తబడుతుంది. నాలుగు స్ప్రింగులకూ ఒకేలా వేడి తగిలించడం ఎవరి వల్లా కాదు. కొన్నాళ్లకు ఒక మూల కూలబడుతుంది, కారు వంకరగా నిలబడుతుంది. ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. బంప్ స్టాప్ తీసి పారేస్తామన్నా ఒప్పుకోవద్దు. అది షాక్ లోపల పిస్టన్ పగలకుండా కాపాడే చివరి రక్షణ. కొన్ని స్ప్రింగు సెట్లతో పాటు రబ్బరును ఎంత కత్తిరించాలో రాసి ఇస్తారు, అంతవరకే.

టీచరమ్మ_కనిగిరి (కనిగిరి)
నేను రోజూ కనిగిరి నుంచి పక్క మండలంలోని బడికి కారులో వెళ్తాను. నాది స్విఫ్ట్ కాదు గానీ అంత ఎత్తే ఉంటుంది. సింహపురి గారు చెన్నై రోడ్డు గురించే ఆలోచిస్తున్నారు. ఉదయగిరి, పామూరు, పొదిలి వైపు ఎప్పుడైనా వెళ్తారా? మా దారిలో ఊరి మొదట్లో, బడి దగ్గర, గుడి దగ్గర, కొన్నిచోట్ల ఎవరి ఇంటి ముందు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. మూరెడు వెడల్పు, అర జానెడుకు పైనే ఎత్తు. ఏ గీతా ఉండదు. నిండుగా మనుషులు ఎక్కితే ఇప్పుడే అడుగు తగులుతోంది. ఇంకా దించితే ఎలా దాటిస్తారు?

లెక్కల_మాస్టారు (కందుకూరు)
అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2,430 మి.మీ. కారు సరిగ్గా గడ్డ మధ్యకు వచ్చినప్పుడు ముందు, వెనక చక్రాలు కూడా ఆ గడ్డ వాలు మీదే ఉంటాయి. లెక్కవేస్తే చక్రాల కన్నా శిఖరం ఎత్తు 43 మి.మీ. మాత్రమే. 40 దించిన కారు కూడా హాయిగా దాటుతుంది.

మీరు చెప్పే ఇరుకు గడ్డ దగ్గర ఆ ఊరట లేదు. చక్రాలు రెండు వైపులా నేల మీద ఉంటాయి, గడ్డ మొత్తం పొట్ట కిందికి వస్తుంది. కంపెనీ చెప్పిన ఎత్తు 170 మి.మీ. అందులో 25 దించితే 145. అయిదుగురు కూర్చున్నాక మధ్యలో ఇంకో 25 పోయిందనుకుంటే 120. గడ్డ 12 సెంటీమీటర్లు ఉంటే సరిగ్గా తాకుతుంది. 40 దించితే సైలెన్సర్ గొట్టమో ఆయిల్ ఛాంబరో గీసుకుపోవడం ఖాయం. అందుకే నా దృష్టిలో మన వైపు ఊళ్లలో కుటుంబం తిరిగే కారుకు 25 మి.మీ. దాటకూడదు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
ఒక మాట నేనూ చెబుతాను. నవంబరులో వాయుగుండం పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి సంగతి నెల్లూరు వాళ్లకు తెలుసు. కారు దిగినంత మేరా ఇంజనుకు గాలి పీల్చే గొట్టమూ దిగుతుంది. నీళ్లలోకి దింపే అలవాటు ఉంటే మానుకోవాలి.

చక్రం_సూటి (నెల్లూరు)
నేను వీల్ అలైన్‌మెంట్ పని చేస్తాను. దించిన కార్ల యజమానులు నా దగ్గరికి ఆలస్యంగా వస్తారు, టైరు లోపలి అంచు తీగ కనిపించేదాకా అరిగాక. పైనుంచి చూస్తే టైరు కొత్తగానే ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి వైపు చెయ్యి పెడితే తెలుస్తుంది.

కారు దిగితే స్టీరింగ్ టై రాడ్ కోణం మారుతుంది, దాంతో టో, అంటే రెండు చక్రాలూ నేరుగా ముందుకు చూసే తీరు, తప్పుతుంది. చక్రం పై భాగం కాస్త లోపలికి వాలుతుంది, అది కాంబర్. 25 మి.మీ.కు కాంబర్ మారేది కొద్దిగానే, దాని వల్ల పెద్ద నష్టం లేదు. టైరును తినేసేది టో. అదృష్టవశాత్తూ దాన్ని సరిచేయడం సులభం. స్ప్రింగు మార్చిన రోజు ఒకసారి, స్ప్రింగులు కూర్చోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చేయించండి. స్విఫ్ట్ వెనక టోర్షన్ బీమ్ కాబట్టి అక్కడ మార్చడానికి ఏమీ ఉండదు, కొలతలు మాత్రం అడిగి తీసుకోండి. బీమ్ వంగి ఉంటే అక్కడే బయటపడుతుంది.

సింహపురి గారూ, మీ ఊగుడు గురించి నాకు వేరే అనుమానం ఉంది. మీ షాకులు ఎప్పుడు మార్చారు?

సింహపురి_స్విఫ్ట్ (నెల్లూరు)
అందరికీ కృతజ్ఞతలు. కోయించే ఆలోచన పూర్తిగా వదిలేశాను.

షాకులు ఎప్పుడూ మార్చలేదు, కంపెనీ నుంచి వచ్చినవే. మీరు అడిగాక కారు కిందికి దూరి చూశాను. వెనక కుడి షాక్ ఒంటి మీద నూనె, దానికి అంటుకున్న దుమ్ము ముద్దలా ఉంది. ముందు మూల నొక్కి వదిలితే ఒక్కసారితో ఆగడం లేదు, ఊగుతోంది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచాను. ముందు ఎడమ 378, ముందు కుడి 370, వెనక రెండూ 374 మి.మీ. కుడివైపు 8 మి.మీ. తక్కువ ఉండటం మామూలేనా?

పాత_షెడ్డు (ఒంగోలు)
ఇప్పుడు అసలు రోగం తెలిసింది. నీ కారు ఊగేది ఎత్తు వల్ల కాదు బాబూ, షాకులు చచ్చిపోవడం వల్ల. స్ప్రింగు కారును మోస్తుంది, ఊపును ఆపేది షాక్. చచ్చిన షాకుల మీద గట్టి స్ప్రింగులు వేస్తే ఊగుడు ఇంకా పెరుగుతుంది. కుడివైపు తక్కువ ఉండటం డ్రైవరు ఒక్కడే ఎక్కువగా తిరిగే పాత కార్లలో చూస్తుంటాం. స్ప్రింగు కొద్దిగా కూలబడింది, లేదా స్ట్రట్ పైన ఉండే రబ్బరు మౌంటింగ్ నలిగింది. అంటే కొత్త కారుతో పోలిస్తే నీ కారు ఇప్పటికే కొంత దిగే ఉంది. లోయరింగ్ స్ప్రింగుల పెట్టె మీద రాసిన దిగుడు కొత్త స్ప్రింగులతో పోల్చి రాసింది కాబట్టి, నీకు కంటికి కనిపించే తేడా అంతకన్నా తక్కువే ఉంటుంది. చూసి నిరాశపడి మళ్లీ కోయించాలని చూడకు.

డబ్బు ఎలా పెట్టాలో చెబుతాను. ముందు స్ట్రట్ విప్పడమే పెద్ద పని. నకిల్ బోల్టులు, బ్రేకు గొట్టం, స్టెబిలైజర్ లింక్, అన్నీ తీయాలి. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కిపెట్టి పైన నట్టు విప్పాలి. కంప్రెసర్ లేకుండా ఆ నట్టు విప్పే షెడ్డులో అడుగు పెట్టవద్దు, నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. ఈ పనికి కూలి రెండుసార్లు ఇవ్వడం దండగ. షాకులు, పై మౌంటింగులు, వాటి బేరింగులు, బంప్ స్టాపులు, దుమ్ము తొడుగులు, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు, స్ప్రింగులు అన్నీ ఒకేసారి పడాలి. పాతికతో అవన్నీ రావు. కాబట్టి ఇప్పుడు వెనక షాకులు మాత్రం వేయించు. వెనక పని తేలిక, కింద ఒక బోల్టు, పైన నట్టు, అంతే. ముందువైపు డబ్బు కూడేదాకా ఆగు.

టీచరమ్మ_కనిగిరి (కనిగిరి)
షెడ్డు గారూ, బీమాకు, ఆర్‌టీఓ వాళ్లకు ఇబ్బంది ఉండదా?

కోర్టు_వీధి (ఒంగోలు)
నేను చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు అసలు ప్రమాణాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద, అనుమతి లేని భాగాలు అమర్చి బండిని మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కారు ఎత్తు ఆర్సీలో ఉండదు కదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదన మీద ధైర్యం చేయమని నేను సలహా ఇవ్వను. పని మొదలుపెట్టక ముందే ఆర్‌టీఓ కార్యాలయంలో అడగండి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. దాచిపెడితే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. పైగా 2012 కారు కాబట్టి 2027లో పదిహేనేళ్లు నిండి ఆర్సీ పునరుద్ధరణకు తనిఖీకి వెళ్లాలి. పాత స్ప్రింగులు పారేయకుండా నూనె రాసి దాచుకోండి.

లెక్కల_మాస్టారు (కందుకూరు)
అందం కోసమే అయితే ఇంకో దారి ఉంది. వీఎక్స్ఐకి వచ్చేది 165/80 ఆర్14 టైరు, వ్యాసం 620 మి.మీ. అదే స్విఫ్ట్‌లో పై మోడల్ అయిన జెడ్ఎక్స్ఐకి వచ్చేది 185/65 ఆర్15, వ్యాసం 621. అంటే స్పీడోమీటరు తప్పదు, ఎత్తు మారదు, టైరు మాత్రం 20 మి.మీ. వెడల్పవుతుంది, పక్క గోడ పొట్టిదై మలుపులో తక్కువ వంగుతుంది. కంపెనీయే ఆ మోడల్‌కు ఇచ్చిన కొలత. మీ టైర్లు ఎలాగూ మార్చే సమయం వస్తే, సెకండ్ హ్యాండ్‌లో వంకర లేని పదిహేను అంగుళాల రిమ్ములు చూసుకోండి. చక్రాల గూడు నిండుగా కనిపిస్తుంది. ఎత్తు దించాలన్న కోరిక సగం తీరుతుంది.

కావలి_కుర్రాడు (కావలి)
స్నేహితుడి కారు వెనక చక్రం లేపి చూశాం. స్ప్రింగు నిజంగానే చేత్తో తిరుగుతోంది. వాడు కొత్త స్ప్రింగులకు ఆర్డరు ఇచ్చాడు, అప్పటిదాకా కారు తీయనన్నాడు. షెడ్డు గారికి నమస్కారాలు.

సింహపురి_స్విఫ్ట్ (నెల్లూరు)
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. వెనక షాకులు అప్పుడే మార్పించాను, లారీ దాటినప్పుడు ఊగడం అక్కడే చాలావరకు పోయింది. తర్వాత డబ్బు కూడబెట్టుకుని ముందు షాకులు, మౌంటింగులు, బుష్‌లు, 25 మి.మీ. దించే స్ప్రింగుల సెట్టు ఒకేసారి తెప్పించాను. బీమా సంస్థకు ఉత్తరం పెట్టాను, ఆర్‌టీఓలో కూడా అడిగాను. రేపు పని. ఇంకేమైనా చూసుకోవాలా?

పాత_షెడ్డు (ఒంగోలు)
చూడాల్సినవి ఉన్నాయి, మెకానిక్ పక్కనే నిలబడు.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు, వెనక బీమ్ బుష్ బోల్టులు కారు గాల్లో ఉండగా బిగించవద్దు. ఆ రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొద్ది నెలల్లో చిరుగుతుంది. ముందు బోల్టులు చేతి బిగువుతో వదిలి, కారును నాలుగు చక్రాల మీద దించి, రెండుమూడుసార్లు ముందుకూ వెనక్కూ తోసి, అప్పుడు షెడ్డులో కింద పనిచేసే గుంత మీద నిలబెట్టి, బిగువు కొలిచే టార్క్ పానాతో బిగించమను. దించిన కారుకు వెనక బీమ్ బోల్టులు కూడా వదులు చేసి కొత్త ఎత్తులో మళ్లీ బిగించాలి. ఇది చాలామంది చేయరు, అడిగితే చేస్తారు.

ఏబీఎస్ లేని కొన్ని పాత కార్లలో వెనక ఇరుసుకూ బాడీకీ మధ్య చిన్న కడ్డీతో బ్రేకు వాల్వు ఉంటుంది. బాడీ దిగితే కారు నిండా బరువు ఉందని అది పొరబడి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారతాయి. నీ కారుకు ఉందో లేదో చూపించి, ఉంటే సరిచేయించు. బ్రేకు గొట్టాలు స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పినా లాగకూడదు. హెడ్‌లైట్లు గోడ మీద చూసుకో.

సింహపురి_స్విఫ్ట్ (నెల్లూరు)
అయిపోయింది. బోల్టులు మీరు చెప్పినట్టే నేల మీద బిగించారు. వాల్వు సంగతి కూడా చూపించాను, నా కారుకు ఆ కడ్డీ లేదు. ఇప్పుడు ముందు ఎడమ 352, కుడి 351, వెనక రెండూ 350. ఎడమ కుడి తేడా పోయింది. నాన్న వెనక సీట్లో కూర్చుని బుచ్చిరెడ్డిపాలెం దాకా వచ్చి, ఇదివరకటి కన్నా కుదుపు తక్కువగా ఉందన్నారు. అది కొత్త షాకుల చలవే అనుకుంటున్నాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు ఎడమవైపు పైనుంచి టక్కుమని ఒక చప్పుడు వస్తోంది. ఏమై ఉంటుంది?

చక్రం_సూటి (నెల్లూరు)
స్ప్రింగు కొన పళ్లెంలోని మెట్టుకు ఆనకుండా కాస్త పక్కకు కూర్చుని ఉంటుంది, తిప్పినప్పుడు జారి టక్కుమంటుంది. లేదా మౌంటింగు బేరింగు సరిగ్గా కూర్చోలేదు. బానెట్ తెరిచి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా మీరు మౌంటింగు మీద చెయ్యి పెట్టండి. చప్పుడుతో పాటు అదురు తగిలితే ఆ వైపు స్ట్రట్ మళ్లీ విప్పి సరిగా కూర్చోబెట్టాలి. చేసిన షెడ్డులోనే అడగండి, ఇది వాళ్లు కూలి లేకుండా చేయాల్సిన పని. అది అయ్యాకే అలైన్‌మెంట్‌కు రండి, ముందు వస్తే రెండుసార్లు ఖర్చు.